యోకులమ్మకి మాటలు నేర్పిన దాలమ్మ

ఏటీ, కేమరాన్ కొండకి ఎల్తన్నారా? నువ్వూ నీ సేయితులూనా? సరే లా, ఎల్లండి, ఆ స్ట్రాబెరీలూ ఆ పువ్వులూ ఫొటోలు తీసుకోండి. ఓ పాలి ఇలా కూకో కన్నబాబూ. ఆ తానా రాతాలో నాను వయసులో ఉన్నన్నాల్లూ పనిసేసినానని నీకెవులైనా సెప్పినారేటి? నేదా? మీ అమ్మకి తెలుసును, సెప్పడానికి ఖాళీ ఉండొద్దూ దానికి. నానప్పుడు పెద్ద హోటల్లో బోయిని. తెల్లబట్టలేసుకుని దొరలకి టీ అందించడం నా పని. గోపాలసామీ అని పిలవడం రాక "గోపీ, గోపీ" అనీవోరు. ఇప్పుడు నువ్వు సూడబోయే ఊరు కాదది. తాపా నుంచి ఎక్కుతావుంటే మెలిక మీద మెలిక, ఒకేపు అడివి, ఒకేపు లోయ, కడుపులో తిప్పేసీది. సగం దారిలో జలపాతం, పైకెల్లేసరికి పొగమంచు. ఎనకటికి ఓ సర్వే దొర అడివిలో పడి తిరిగి, కొండల నడుమ సదునుగా నేలుందని సెప్పినాడంట. శానాకాలానికి గాని రోడ్డు పడనేదు. తానా రాతా అంటే ఏటి? సదును నేల. అంతే. ఆ నేల మీద దొరలు ఆల్ల దేశం కట్టుకున్నారు. రోజాపువ్వులు, సిమ్నీ ఇల్లు, గోలుఫు ఆట. కింద రబ్బరుతోటల్లో ఉడికిపోయిన దొరలు కొండెక్కి, ఉన్నిసొక్కాలేసుకుని మంట ముందర కూకునీవోరు. సలి కోసం అంత దూరం వచ్చే మనుసుల్ని అక్కడే సూసినాన్రా! ఆల్లకి టీ ఆకు కోసీది అరవోల్లు, కేబేజీ పండించీది సీనోల్లు, పాలు పోసీది ఓ పంజాబీ బాయి, తుపాకీ అట్టుకుని నిలబడీది మలాయ్ పోలీసు. అడివిలోంచి అస్లీవోల్లు, ఆ కొండజాతోల్లు, ఊదుడు గొట్టాలతోని వచ్చీవోరు. మన తెలుగోల్లం పిడికెడుమందిమి. అందులో దాలమ్మ ఒకర్తి.

దాలమ్మ అంటే... ఎలగ సెప్పాలి. పొడుగ్గా ఉండీది. ఎడం సేతి మీద ఇస్త్రీపెట్టి కాలిన మచ్చ. ఆమెదీ మాదీ ఒకే కొబ్బరితోట, బాగాన్ డాతో ఏపు. నాకు అప్ప వరస. జపానోడొచ్చినప్పుడు ఆమె మొగుడు పోలయ్యని సయాం రైలుపనికని లారీ ఎక్కించినారు. ఎల్లినోడు ఎల్లినట్టే. ఆ పనికెల్లి తిరిగిరానోల్లు మన తోటల్లో ఎంతమందో. పిల్లా జెల్లా నేరు. తోటలో ఉంటే జనం కనిపించినప్పుడల్లా "అయ్యో దాలమ్మా" అంటారని, ఆ అయ్యో ఇనలేక కొండెక్కీసినాది. హోటలెనకాల ఉతుకుల కొట్టులో పని. ఆ మంచులో బట్ట ఆరదు గదా, అందుకని ఓ గదిలో బొగ్గుల కుంపట్లెట్టి, తాల్ల మీద దుప్పట్లు ఆరేసీవోరు. ఊరంతా వణుకుతుంటే ఆ గదొక్కటీ ఎచ్చగా ఉండీది. నానూ పని తప్పించుకుని అందులో దూరీవోడిని. "దొర సూత్తే నీ పని పోద్ది, నీతో నాదీ పోద్ది, ఎల్రా బాబూ" అని తిట్టి, తిడతానే కాఫీ పోసీది.

ఆ గదికే యోక్ లాన్ అని ఓ సీనమ్మాయి వచ్చీది. కేబేజీతోటోడి పెల్లాం. పొద్దుట వంటింటికి కూరలేసి, వీపుకి కట్టుకున్న పసిగుంటని దించుకుని కుంపటి కాడ కూకునీది. దాలమ్మకి నోరు తిరక్క "యోకులమ్మా" అనీది. ఇద్దరివీ వచ్చీరాని బజారు మలాయ్ మాటలు. "సుసా లా" అని ఈవిడ, "సుసా లా" అని ఆవిడ, కట్టంగా ఉందే అని. ఇంకేటీ ఉండీది కాదు మాటాడుకోడానికి. అయినా రోజూ కూకునీవోరు.

అప్పటికి ఎమర్జన్సీ నడస్తన్నాది. అడివిలో కమ్యూనిస్టులు, బయట సోల్జర్లు. తాపా రోడ్డు మీద కాన్వాయి నేకుండా బండి కదలకూడదు. అడివి పక్కనున్న సీనోల్లందరినీ తెచ్చి ముల్లకంచెల్లో ఎట్టినారు. బియ్యం గుప్పెడు కంచె దాటకూడదు, అడివోల్లకి, ఆ కమ్యూనిస్టులకి, ఇచ్చేస్తారని. ఇటేపు ఆ కంచె. అటేపు మా హోటల్లో బాండు, డేన్సులు, సెలవు మీదొచ్చిన తెల్ల సోల్జర్ల పాటలు. రెండూ ఒకే ఊర్లోనేరా. నాను ట్రే అట్టుకుని మజ్జిన నిలబడీవోడిని.

ఓ పొద్దుట యోకులమ్మ కూరలు తేనేదు. ఏటబ్బా అనుకుంటంటే, సోల్జర్ లారీ వచ్చి హోటలెనక గేటు కాడ ఆగినాది. కాన్వాయి జతకూడేదాకా బండ్లన్నీ అక్కడే ఆపీవోరు. లారీ నిండా సీనోల్లు. అందులో యోకులమ్మ, దాని మొగుడు. అడివోల్లకి బియ్యం ఇచ్చినాడని ఎవుడో సెప్పినాడంట. ఇచ్చినాడో నేదో, ఇవ్వకపోతే ఆల్లు సంపుతారు, ఇస్తే ఈల్లు అట్టుకెల్తారు. పిల్లకి జరం. దగ్గుతుంటే గుండె ఎగిరిపోతన్నాది. దాలమ్మ దుప్పట్ల బుట్ట సంకనెట్టుకుని బయటికొచ్చి అలాగే నిలబడిపోయినాది. యోకులమ్మ సూసినాది. సూసి, లారీ పలక మీంచి ఒంగి, పిల్లని సాపినాది. "కాకా, తొలోంగ్" అన్నాది. అప్పా, ఆదుకో అని. అంతే మాట. అక్కడో మలాయ్ పోలీసు ఉన్నాడు, కుర్రోడే, తుపాకీతోని. దాలమ్మ ఆడి మొకం సూసినాది. ఆడు మొకం అటు తిప్పుకుని, నోట్లోనే, "చెపాట్, కాక్" అన్నాడు. బేగి కానీ అప్పా అని. పిల్లొచ్చి దుప్పట్ల కిందన పడినాది. లారీ ఎల్లిపోయినాది.

ఏటి? బయమెయ్యనేదా అంటావా? ఎందుకెయ్యదు! సీనోల్ల పిల్లని దాసినావని తెలిస్తే దాలమ్మనీ లారీ ఎక్కించీవోరు. కాని ఆ కుంపట్ల గదిలో, ఆ ఏడికి, పిల్ల దగ్గు దిగినాది. ఇంక ఎక్కడ దాస్తావు, ఏడ్సీ నోరు గదా. మేనేజరు దొరసాని ఇన్నాది. వచ్చి, "ఎవరి బేబీ?" అన్నాది. "నాదేనమ్మా." దొరసాని పిల్ల కల్లు సూసినాది, దాలమ్మ నలుపు సూసినాది. "దాలమ్మా, ఇది సైనీస్ బేబీ." ఈవిడేటందో తెలుసా? "సలికి అలగైపోయినాదమ్మా!" దొరసానికి నవ్వాగనేదు. నవ్వి, ఆనక కల్లు తుడుసుకుని, ఓ పాలడబ్బా పంపినాది. తెల్లోల్లందరూ ఒకలాగుండరురా, రాసుకో. పోలీసు మల్లీ రానేదు. ఆ మలాయ్ కుర్రోడు ఏటీ సూడనట్టే ఉన్నాడు కావాల.

పిల్లకి బంగారమ్మ అని దాలమ్మే పేరెట్టినాది, తన తల్లి పేరు. బంగారమ్మ దుప్పట్ల మజ్జిన పాకినాది, దుప్పట్ల మజ్జినే నడిసినాది. జెడేసి, బొట్టెట్టి, కాటికెడితే ఆ సన్న కల్లకి ఎంత అందమో. దాని నోట మన మాట! "ఒలప్పో, గోపాలసామి మావొచ్చినాడు, కాఫీ ఒగ్గడు సూడు ఈడు" అనీది, ఇంతున్నప్పుడే. గెస్టులు ఎనక్కొచ్చి మరీ సూసీవోరు. యోకులమ్మ కబురు సెవినేసినోడు నేడు. మొగుణ్ణి ఓడెక్కించి సీనాకి పంపేసినారని ఇన్నాం. ఈవిడా ఎల్లిపోయుంటాదనుకున్నాం. దాలమ్మయితే అనుకోడం కాదు, మొక్కుకున్నాదేమో కూడాను. నాకు సెప్పనేదు.

మెర్దేకా, అదే సొతంత్రం, వస్తన్నాది. హోటలంతా కొత్త జెండా గుడ్డలు, దొరలు పెట్టెలు సర్దుకుంటన్నారు. జెండాలకి ఇస్త్రీ సేస్తన్నాది దాలమ్మ. గుమ్మంలో ఎవులో నిలబడ్డారు. బక్కగా, జుత్తు కత్తిరించీసి, అద్దం మీద ఊదితే పడే ఆవిరిలాగున్నాది. యోకులమ్మ! దానికి ఊపిరితిత్తుల జబ్బు, అందుకని ఓడ ఎక్కనివ్వనేదంట. కేంపులో కొన్నాల్లు, ఆసుపత్రిలో ఏల్లు. ఒదిలినాక కూడా, "దగ్గు పోయిందని డాక్టరు సెప్పీదాకా పిల్ల కాడికి రాకూడదని ఆగినాను" అన్నాది, మలాయ్‌లో. బంగారమ్మ అప్పటికి ఆరేల్లో ఏడో. కొత్త మనిసిని సూసి దాలమ్మ సీర కుచ్చిల్ల ఎనక దూరిపోయినాది. యోకులమ్మ ముట్టుకోనేదు. గుమ్మం దాటనేదు. నిలబడి సూసి, ఏడిసి, రేపొస్తానని ఎల్లిపోయినాది.

మర్నాడు తెల్లారేసరికి దాలమ్మ నేదు. పిల్లా నేదు. కూరల లారీ ఎక్కీసినాది. నాకు తెలిసిపోయినాది, తోటకే ఎల్లుంటాది, కొబ్బరిసెట్ల మజ్జిన ఎవులెతుకుతారు అని. యోకులమ్మ వచ్చినాది. దాలమ్మని దొరసాని పిలిసిందని అబద్దం ఆడేద్దునా అనుకున్నాను. గుమ్మం మెట్టు మీద కూకున్నాది ఆవిడ. కాఫీ ఇస్తే పుచ్చుకుని, తాగనేదు. పొద్దు వాలే ఏలకి తిరుగు లారీ వచ్చినాది. దాలమ్మ దిగినాది. పిల్ల బుజం మీద నిద్దరోతన్నాది. నా కాడికొచ్చి ఏటన్నాదో తెలుసా? "ఒరే గోపాలసామీ, తాపాలో దిగినాక ఈ గుంట అడిగినాదిరా, అమ్మా, నిన్నొచ్చినావిడ మొకం నా మొకంలాగుంది, ఎందుకూ అని. ఆ మాటకి నాకింక కాలు ముందుకి పడనేదు."

అనేసి తిన్నగా ఎల్లి, నిద్దరోతున్న పిల్లని యోకులమ్మ ఒల్లో ఎట్టినాది. మరేటనుకున్నావు, అయిపోయినాదనుకున్నావా? పిల్ల లేసి గుక్కపట్టినాది. మూడు పాలిలు తను ఉంటన్న గదికి తీసుకెల్లినాది యోకులమ్మ, మూడు పాలిలూ పిల్ల పారొచ్చీసినాది. యోకులమ్మ మలాయ్‌లో బుజ్జగించీది. మలాయ్ అంటే దానికి కొట్టోడి మాట, కిరసనాయిలు కొనుక్కునీ మాట. ఆ మాటలో అమ్మెలా ఉంటాదిరా? సీనా మాటైతే ముక్క రాదు. అప్పుడు దాలమ్మే అన్నాది, "నువ్వు మా మాట నేర్సుకో యోకులమ్మా, నాను సెప్తాను." రోజూ సాయంత్రం ఆ కుంపటి కాడ బడి. ఈవిడ దుప్పటి మడతెడతా సెప్పీది, ఆవిడ రెండో కొస అట్టుకుని అనీది. "ఇలా రా" అను. "ఇలా లా." ఓలమ్మో, దాని నోట రా పలకదు! మనమందరం మాట సివర లా, లా అనీవోల్లమే గదా, బంగారమ్మకి ఒకటే నవ్వు. నవ్వుతా దగ్గిరకొచ్చినాది, "రా, రా, ర్రా" అని అదే నేర్పడం మొదలెట్టినాది. ఆనక తల దువ్వనా, కతసెప్పనా, బయమేసిందా, ఎక్కడ నొప్పి? ఇయ్యన్నీ నేర్పినాది దాలమ్మ. ఒక్కో మాటా నేర్పుతుంటే ఆమె మొకం సూడలేకపోయీవోడిని. నాననీసినాను కూడా, "అప్పా, నీ పిల్లని నువ్వే పంపేస్తన్నావే." ఇస్త్రీపెట్టి ఆపి, "నొప్పొస్తే గుంట ఆల్లమ్మకి సెప్పుకోవద్దూ" అన్నాది. అంతే, మల్లీ రుద్దుడే.

ఇపోలో యోకులమ్మ సుట్టం ఎవులో కుట్టుమిషన్ల కొట్టెట్టినాడు. పని దొరికినాది. బస్సు కాడికి నానూ ఎల్లినాను. పిల్ల ఓ సెయ్యి అమ్మ సేతిలో, ఓ సెయ్యి దాలమ్మ సేతిలో. ఏడవట్నేదు, గట్టిగా అట్టుకున్నాది. కండక్టరు బస్సు రేకు మీద కొడతన్నాడు. దాలమ్మ ఒక్కో ఏలూ ఇప్పదీస్తన్నాది. అప్పుడు యోకులమ్మ ఆ సెయ్యి మీద తన సెయ్యేసి ఆపినాది. మన మాటలోనే, తప్పులేకుండా, ఎవులూ నేర్పని మాట. "ఇప్పకు అప్పా. నువ్వూ ఎక్కు." దాలమ్మ నా ఏపు సూసినాది. కుంపట్లో బొగ్గు ఇంకా మండతన్నాది, దుప్పట్లు తాడు మీదే ఉన్నాయి. కట్టుకున్న సీరతోనే ఎక్కీసినాది.

ముగ్గురూ ఇపోలో ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద. బంగారమ్మ నర్సయినాది, పెల్లయినాది, పిల్లలు. దాలమ్మ పోయినప్పుడు ఎల్లినాను. పసుపు రాసింది యోకులమ్మే, తలకొరివి బంగారమ్మ ఎట్టినాది, మగోల్లెవులో గొణిగితే ఇనిపించుకోనేదు. ఆనక యోకులమ్మ నాకు ఫోను సేసీది. ఆదివారం, ఆదివారం. ఏటి మాటాడీది? ఏటీ నేదు. వానొచ్చిందా, మోకాలు నొప్పి తగ్గిందా, ఇయ్యే. ఓ పాలి అడిగినాను, ఇంత దూరం ఫోనెందుకు, ఇంటి నిండా మనవలున్నారు గదా అని. "ఆల్లందరూ ఇంగిలీసు, కేంటనీసు" అన్నాది. "బంగారమ్మకి డూటీ. తెలుగులో మాటాడ్డానికి మనిసి నేదు, గోపాలసామీ." మన జాతోల్లు ఎవులైనా ఆ మాటన్నారేటిరా నాతోని? నువ్వన్నావేటి?

ఓ ఆదివారం ఫోను రానేదు. నాను కూకునే ఉన్నాను...

ఆ కిటికీ ముయ్యి బావూ, జల్లు లోపలికి కొడతన్నాది.