అడుగులు కొలిచే లెన్సు

“తాతా, గింత పాత లెన్సు గీ కొత్త కెమెరా మీద ఎట్ల కూసుంది?” అని అడిగినవ్ గదా బిడ్డా, చెప్త విను. కాని ముందే చెప్తున్న, నడిమిట్ల ‘నిజమేనా తాతా’ అన్నవనుకో, అక్కడ్నే ఆపేస్త. నమ్మబుద్ధి కాకపోతే ఇప్పుడే చాయ్ తాగి లేచిపో. గీ నస్పూర్ల ఫోటో రాజమల్లు మాటను అనుమానించినోడు ఒక్కడు లేడు. ఉన్నా, వాని ఫోటోల వానికి కండ్లు మూసుకొనే వచ్చినయ్.

నలభై ఏండ్లు ఫోటోలు తీసిన. ఒక్కనాడు గుడ కెమెరా కిటికీల చూసి ఫోకస్ పెట్టలే. అడుగులు కొలిచేటోణ్ణి. నా అడుగు రెండున్నర ఫీట్లు. జరమొచ్చినా గంతే, కాల్ల ముల్లు ఇరిగినా గంతే. పెండ్లిపిల్ల కాడికెల్లి నాలుగు అడుగులు ఎనకకు నడుస్త, లెన్సు మీద పది నంబరు పెడ్త, టప్పున కొడ్త. పిల్ల ముక్కుపుల్ల రాయిల నా మొకం కనవడేది! ఉట్నూర్ జంగల్ల పులిని ఎనిమిది అడుగులు కొలిచి తీసిన. నేను కొలిచేదాంక పులి నిలవడ్డదా అంటవా? నిలవడ్డది. అంటే... పులి కాదు లే, అడివిపంది. పండుకొని ఉండె. ఏదైతేంది, ఫోటో మాత్రం మంచిగచ్చింది. అప్పుడు ఫిలిం రోలంటే బంగారం లెక్క గదా, ఒక్క ఫ్రేము ఖరాబైతె మా బాపు రెండు దినాలు నాతోని మాట్లాడకపోతుండె. గందుకే గురి కుదిరింది.

ఇగ అసలు ముచ్చట. ఓదెలు అని ఉన్నడు, మా ఎనుక గల్లీల. బొగ్గుబాయి వర్క్‌షాపుల ఫిట్టరు. పోయినేడు గా వర్క్‌షాపు మూసేస్తమన్నరు. ఓదెలు వచ్చి కూసొని, “అన్నా, నెలాఖరు పొద్దుగాల వర్క్‌షాపు గేటు ముంగట అందరం నిలవడ్తం. గ్రూపు ఫోటో నువ్వే తీయాలె. ఆ తెల్లారి సంది తలో దిక్కు పోతం, మల్ల గీ అరవై మందిమి ఒక్కకాడ నిలవడేది లేదు” అన్నడు.

“నేను గాకుంటే ఇంకెవడు తీస్తడురా” అన్న. అన్న గని, ఎట్ల తీసుడో నాకే తెల్వదు.

ఎందుకంటే బిడ్డా... నా కండ్లకు పొర వచ్చింది. ఏడాది సంది. ఎవ్వలకు చెప్పలే. స్టూడియో ఇప్పుడు మా కోడలు సునీత నడిపిస్తది. తెలిసిందనుకో, కెమెరా నా చేతికియ్యది. దాని కెమెరా తెర మీద పచ్చ డబ్బ ఒకటి తిరుగుతది, అది పోయి మనిషి కండ్ల మీద కూసుంటే ఫోకసు. నాకు డబ్బ కనవడితే గదా! పోనీ అడుగులు కొలుద్దామంటే కొత్త లెన్సు మీద నంబర్లే లేవు, గుండు కొట్టిచ్చిన తల లెక్క నున్నగుంటది. నా పాతదాని మీద ఫీట్లు చెక్కి ఉంటయ్. గోటితోని తడిమి గుడ చెప్త.

పాతది కొత్తదాని మూతికి పట్టది. నడిమిట్ల ఒక రింగు కావాలె. సునీతే ఫోన్ల చూసి తెప్పిచ్చింది. “ఇప్పుడు ఇదెందుకు మామా?” అంటే “శౌకు” అన్న.

టక్కున కూసుంది. దగ్గరికెల్లి సునీతను తీస్తే బాగనే వచ్చింది. ఇంకేంది! వాకిట్ల ఇరుగుపొరుగోళ్లను నిలవెట్టి, ఎనిమిది అడుగులు కొలిచి, ఇరవై పెట్టి కొట్టిన. సునీత చూసి కిసుక్కున నవ్వింది.

“మామా, కుక్క మస్తుగచ్చింది. మనుషులేరి?”

నడిమిట్ల ఓ కుక్క పండుకొని ఉండె. దాని రోమం రోమం లెక్కపెట్టచ్చట. ఎనుక మనుషులంత మబ్బు.

కండ్లు పోయినయ్, ఇగ అడుగులు గుడ పోయినయ్ అనుకున్న. ఓదెలింటికి పోయి, “సునీతతోని తీయిచ్చుకోరా” అని చెప్పేసిన. వాడు ఊకుంటడా? ఫిట్టరు గదా. “మనిషిదా తప్పు, మిషిన్దా, ముందు అది చూద్దాం” అని టేపు తెచ్చి నా అడుగు కొలిచిండు. రెండున్నర ఫీట్లు! నూలుపోగంత తేడా లేదు. వాడే పరేషాన్ అయిండు.

మల్లేం చేసినం? నూనె డబ్బలు, చాపత్త డబ్బలు, దొరికినయి దొరికినట్టు మా వాకిట్ల వరుసగ పెట్టినం, రెండేసి ఫీట్లకొకటి. ఇరవై పెట్టి కొడితే పన్నెండు ఫీట్ల కాడి డబ్బ సాఫ్ వస్తుంది! లెన్సు మీద ఆఖర్న పండవెట్టిన ఎనిమిది లెక్క గుర్తుంటది, అది పెడితే ఆకాశం దాంక కనవడాలె. మాకు వాకిలి గేటు గుడ దాటలే. ఓదెలు తలకాయ ఊపిండు. “రింగు మందమున్నది అన్నా. లెన్సును ముంగటికి నూకింది. గందుకే చూపు దగ్గర్నే ఆగుతుంది. నీ అడుగులకేం కాలే.”

నా అడుగులకేం కాలే! గా మాటకు వాని కాళ్లు మొక్కబుద్ధయింది. మొక్కలే, చిన్నోడు గదా.

ఇగ అద్దం పలక మీద గరుకుకాగితం పరిచి, కిరసనాయిల్ చుక్కేసి, రింగును రుద్దుడు. రుద్దింది నేనే... అంటే, చెయ్యి ఓదెలుది, చెప్పుడు నాది. ఎంట్రుకను నాలుగు పాయలు చీరితే ఎంతుంటదో గంత గంత తీసినం. వాడు రుద్దుడు, నేను కొట్టుడు, సునీత తెర మీద డబ్బల పేర్లు చదువుడు. ఓ మాటు జర ఎక్కువ అరిగింది. సిగరెట్ డబ్బల వెండికాగితం సన్నగ కత్తిరిచ్చి నడిమిట్ల పెట్టినం. ఇరవై పెడితే ఇరవై కాడ, ముప్పై పెడితే ముప్పై కాడ! కుదిరింది.

గప్పుడు సునీత లేచి పోయి ఒక డబ్బ మీద చెయ్యి పెట్టింది. “మామా, గిది నువ్వు చదువు.”

బెత్తెడు బెత్తెడు అక్షరాలు.

“పల్లినూనె” అన్న.

“చాపత్త మామా.”

ఓదెలు తల వంచుకొని, తుడిచిన అద్దం పలకనే మల్ల తుడుస్తుండు.

“ఎన్ని నెలల సంది?” అన్నది సునీత.

పులి ముంగట నిలవడ్డోణ్ణి... సరే, పంది ముంగట. కోడలి ముంగట ‘ఏడాది’ అని ఒప్పుకున్న. అది కెమెరా నా మెడల ఏసి, “ఎల్లుండి ఫోటో అయినంక దవఖానకు పోతున్నం. గప్పటిదాంక కెమెరా నీదే” అన్నది. గంతే.

ఆ పొద్దుగాల గేటు ముంగట అరవై మంది బంతిపూల దండలేసుకొని నిలవడ్డరు. నడిమిట్ల ఓదెలు. నాకు పసుపచ్చగ ఒక గోడ లెక్క కనవడ్డరు. ముందు వరుస కాడికెల్లి ఎనకకు నడిసిన. ఒకటి, రెండు, మూడు... పన్నెండు. గోటితోని తడిమి ముప్పై పెట్టిన. కొట్టిన. ఒక్కటే. గీ కాలపోళ్లు కొట్టంగనే తెర చూసుకుంటరు గదా? సునీత చూడలే. కెమెరా నా మెడలకెల్లి తీసి సంచిల పెట్టి, అందరికి ఇనవడేటట్టు, “అయిపోయింది, మా మామ కొలిచిండు” అన్నది.

నేను గా ఫోటో చూసింది ఆపరేషన్ అయ్యి, కట్టు ఇప్పినంక. ఆఖరు వరుసల ఉన్నోని కాలర్ మీద కుట్టు గుడ కనవడ్తుంది. ఒక్కొక్క మొకం చూసుకుంట నడిమికచ్చిన. ఓదెలు ఏడుస్తుండు బిడ్డా. పన్నెండు అడుగుల దూరంల ఉండి నాకు తెల్వలే, నవ్వుతుండనుకున్న.

నమ్మవా? పోయి వాణ్ణి అడగకు, వాడు చెమట అంటడు. లోపట సునీత ఉన్నది. సునీతను అడుగు.