వదిన వంటింటి దీపం

ఆ, నేనే వదినా, వెర్నాని. ఫోను పెట్టేయకు. పెట్టేస్తే మళ్ళీ చేస్తాను, నంబరు నీ కూతురే ఇచ్చింది. ఆరిజోనాలో నారింజ చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నావట కదా. కూర్చో, నాకేం.

చలికి జడిసి దక్షిణానికి పారిపోయేవాళ్ళని చూసి చర్చి మెట్ల మీద మనిద్దరం ఎంత నవ్వుకున్నామో గుర్తుందా? డకోటా వదిలి వెళ్తే కాళ్ళు విరగ్గొడతానన్నది నువ్వే కదా? నేనా? సరే, నేనే అన్నాననుకో. తలూపింది ఎవరు?

మంగళవారం సంగతి చెప్తాను విను. పొద్దుటినుంచీ ఉత్తరపు గాలి, విసురుగా మంచు. బయట ఒళ్ళు కనబడితే అయిదు నిమిషాల్లో గడ్డకడుతుందని రేడియోలో ఒకటే గోల. చీకటి పడగానే నీ ఇంటివైపు చూశాను. చూడనా మరి? మీ తమ్ముడు పోయినప్పట్నుంచీ నీ వంటింటి దీపం చూస్తేగానీ నాకు ముద్ద దిగదు.

దీపం వెలుగుతోంది. కానీ నీ కప్పు మీది గొట్టంలోంచి ఆవిరి లేవడంలేదు. అంత చలిలో హీటరు నడిచే ఇంటి మీద ఆవిరి లేకుండా ఉంటుందా? హీటరు ఆగిపోయింది, వదిన లోపల బిగుసుకుపోతోంది అనుకున్నాను. ఏడున్నర దాకా ఫోను చేస్తూనే ఉన్నాను, ఎత్తలేదు. షెరీఫుకి చేస్తే, మంచు తీసే బండ్లే ఆపేశాం, గాలి తగ్గాక వస్తామన్నారు. అప్పటిదాకా నువ్వుంటావా?

మీ తమ్ముడి కోటు తొడుక్కుని, వేడి సూపు ఫ్లాస్కు చంకన పెట్టుకుని బయల్దేరాను. మధ్యలో ఒక్క పొలమే కదా. మంచు కళ్ళల్లో కొడుతుంటే ముందూ వెనకా తెలీలేదు. నీ దీపమే మసగ్గా కనబడుతోంది. దాన్ని చూసుకుంటూనే నడిచాను.

సగం దూరం వెళ్ళానో లేదో, దీపం ఆరిపోయింది.

అయిపోయింది, వదిన పోయింది అనుకున్నాను. నమ్ము, అప్పుడు నా గురించి భయం వెయ్యలేదు. తర్వాత వేసింది. ఎటు తిరిగినా ఒకటే గాలి. చివరికి కంచె తీగ చేతికి తగిలితే, దాన్ని తడుముకుంటూ మా కొట్టం దాకా వచ్చిపడ్డాను. ఎడమచేతి గ్లవ్ ఎక్కడ జారిపోయిందో ఇప్పటికీ తెలీదు.

గాలి తగ్గాక టపా తెచ్చిన లెరోయ్ నా చెయ్యి చూసి ఆసుపత్రికి లాక్కెళ్ళాడు. ముందు మా వదిన ఇంటికి పద, మనిషి చచ్చిపడుంటుంది అని నేను ఏడుస్తుంటే, పాపం, అప్పుడు నిజం కక్కాడు. నువ్వు ఆదివారమే ఆరిజోనా వెళ్ళిపోయావట, ఆ దీపానికి ఏదో మీట పెట్టావట. అయిదింటికి దానంతటదే వెలుగుతుందట, ఎనిమిదింటికి ఆరుతుందట. మనిషి ఉందని దొంగలు అనుకోవాలట.

లెరోయ్‌కి చెప్పావు. పాస్టరుగారికి చెప్పావు. వెర్నాకి మాత్రం చెప్పొద్దన్నావట, నా నోటికి జడిసి.

ఇన్ని మైళ్ళలో ఆ కిటికీని రోజూ చూసేది నేనొక్కదాన్నే కదా వదినా. మరి దొంగ ఎవరు?

ఏడవకు. చిటికెనవేలి కొస పోయింది, అంతే.

నిన్న నీ ఇంటికి వెళ్ళాను, ఆ దీపం పీకిపారేద్దామని. ప్లగ్గు మీద చెయ్యి వేశాను కూడా. పీకలేకపోయాను. అబద్ధమని తెలిసీ సాయంత్రం అయిదింటికి మా కిటికీ దగ్గరే కూర్చున్నాను. ఇంకెటు చూడమంటావు? ఇటుపక్క వేరే దీపం లేదు.