రూలు ప్రకారమే

ట్యూషన్ పిల్లలు వెళ్లిపోయారు. బోర్డు దగ్గర ముసలి లెక్కల మాస్టారు, గుమ్మంలో ఇప్పుడు ఆ ట్యూషన్ నడుపుతున్న కొడుకు. కోడలు బెంచీలు సర్దుతోంది.

“ఒక్క మైనస్సేగా మర్చిపోయింది! కాస్ ఎక్స్‌కి డెరివేటివ్ మైనస్ సైన్ ఎక్స్ అని నాకు తెలీదట్రా?”

“తెలిస్తే రాసేవారు. పిల్లలు నవ్వారు నాన్నా.”

“నవ్వితే నవ్వనీ. రేపు...”

“రేపట్నుంచి నేను చెప్తా. మీరు ఇంట్లో కూర్చోండి.”

“కూర్చుని గోళ్లు గిల్లుకోమంటావా? ఈ క్లాసు తప్ప నాకింకేం ఉందిరా! కావాలంటే ఓ లెక్క ఇవ్వు. తప్పు చేస్తే నేనే మానేస్తా.”

“మాట మీద ఉంటారా?”

“ఎప్పుడు తప్పానని?”

“అయితే ఎక్స్ స్క్వేర్ ఇంటూ, బ్రాకెట్లో ఎక్స్ ప్లస్ వన్. డెరివేటివ్ రాయండి.”

“ఓరి నీ! ఈ లెక్కకే కదూ, ఈ బోర్డు దగ్గరే, నీ వేళ్ల మీద స్కేలు విరిగింది!”

“రాయండి.”

“మొదటిదాని డెరివేటివ్ ఇంటూ రెండోది... ప్లస్... మొదటిది ఇంటూ రెండోదాని డెరివేటివ్. కలిపితే మూడు ఎక్స్ స్క్వేర్, ప్లస్ రెండు ఎక్స్. ఊఁ?”

“తప్పు.”

“తప్పా? ఎక్కడ?”

“మీరే వెతుక్కోండి. నాకూ అలాగే చెప్పేవారుగా.”

“ప్లస్ పెట్టానే... పెట్టానా? ఉండుండు, ముందు బ్రాకెట్ గుణించేసి, తర్వాత దేనికది చేసి చూస్తా.”

“కుదరదు. రూలు ప్రకారమే చెయ్యాలి.”

“సరిచూసుకోడానికేరా...”

“రూలు ప్రకారమే.”

“మామయ్యగారూ, కాసిని నీళ్లు తాగండి.”

“ఆగమ్మా. ఒరేయ్, నిజంగా తప్పేనా? నాకంతా సరిగ్గానే కనిపిస్తోందే!”

“అదేగా భయం. మీ తప్పు మీకు ఒప్పులాగే కనిపిస్తోంది.”

“అవునా... అంతదాకా వచ్చిందా?”

“సుద్దముక్క ఇటివ్వండి.”

“ఇదిగో. అమ్మా, ఆ బోర్డు తుడిచెయ్యి తల్లీ. పొద్దున్నే పిల్లలు చూస్తే సిగ్గుచేటు. నేను లోపలికెళ్తా.”

“ఒక్క నిమిషమండీ, మామయ్యగారు రాసింది చూడనీండి.”

“ఏంటలా చూస్తావ్? తుడువు.”

“ఏవండీ, నేనూ ఈ లెక్కలు చదువుకున్నదాన్నే. ఆయన రాసింది ఒప్పేగా?”

“ఒప్పే.”

“తెలిసే అన్నారా! కన్నతండ్రండీ! లోపలికెళ్లి ఆ మాట చెప్పండి, మీకు పుణ్యముంటుంది.”

“ఆ స్కేలు విరిగిన రోజు నేను బ్రాకెట్ గుణించేసి, దేనికది చేశాను. నాకూ ఇదే జవాబు వచ్చింది.”