ఖాళీలో మొలిచిన ఏడు కొండలు

కాదు సార్, అది పూర్తికాని బొమ్మ కాదు. అయిపోయిన బొమ్మే. రంగు చాలక మిగిలిపోయిన జాగా కాదది, వదలాలనే వదిలాను. నిన్న సాయంత్రం ఈ హాల్లో నా చేత్తో తగిలించి వెళ్లినప్పుడు బొమ్మలో రేవతి తలకు పైన ఉన్నది తెల్లకాగితం. ఈ పొద్దున వచ్చి చూస్తే అక్కడ ఏడు కొండలు మొలిచాయి. పచ్చగా! పోస్టర్ రంగుతో! ఏడో కొండ మీద గోపురం కూడానూ.

కింద ఒక అట్టముక్క. 'మొక్కు తీర్చుకున్న మగువ' అట. నేను పెట్టిన పేరు 'రేవతి, ఆదివారం'. ఆ పేరు ఎక్కడికి పోయింది సార్?

మీరు కూర్చోండి. వరదయ్య సారంటే తిరుపతి బడుల్లో ముప్ఫయ్యేళ్లు డ్రాయింగు నేర్పిన మనిషి. నా చేతికి మొదట కుంచె ఇచ్చిందీ మీరే. మిమ్మల్ని నిలబెట్టి అడగడం మర్యాద కాదు. ఈ ప్రదర్శన కమిటీకి పెద్ద మీరు కాబట్టి అడుగుతున్నాను, అంతే.

మునస్వామి అన్న గీశాడా? అనుకున్నాను. బోర్డులు రాసే చెయ్యి కదా, ఖాళీ కనిపిస్తే ఊరుకోదు. ఏమన్నాడు? "పాపం ధరణమ్మకు టైము చాల్లేదప్పా, మనమే ముగించేద్దాం" అన్నాడా? ఆహా, ఎంత దయ!

ఒక్క సంగతి వినండి. చెన్నైలో మా కాలేజీ లైబ్రరీలో నాకొక లావుపాటి చైనా పుస్తకం దొరికింది. అక్షరం ముక్క అర్థం కాలేదు, బొమ్మలు అర్థమయ్యాయి. తాతల నాటి నుంచి కొండలూ వెదుళ్లూ కొంగలూ గీసిన ఆ నల్లసిరాతోనే ఇప్పటి చిత్రకారులు ఇప్పటి ఆడవాళ్లను గీస్తున్నారు. ఒకతె సోఫాలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఇంకొకతె సెల్‌ఫోను చెవిన పెట్టుకుంది. చుట్టూ అంతా తెలుపు. ఆ తెలుపే ఆమె గది, ఆమె ఊరు, ఆమె మనసులో ఉన్న మాట.

మురిసిపోయాననుకునేరు. అక్కడివాళ్లూ తక్కువేమీ తినలేదు లెండి. చేతికి ఫోను ఇచ్చారు గానీ తల మాత్రం వంచే ఉంచారు. పక్కన ఒక పువ్వు. నడుమైతే వెదురు కన్నా సన్నం! పుస్తకమంతా వెతికితే నేరుగా మన ముఖంలోకి చూసే ఆడమనిషి ఒక్కతే కనిపించింది. రేవతిని నేరుగా చూసేట్టు నల్లసిరాతో గీయడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఏమైనా, ఒక ఆడమనిషి కూర్చోవడానికి చోటు కావాలని వాళ్లు కొండల్ని తీసేశారు సార్. మీ కమిటీ వాటిని మోసుకొచ్చి మళ్లీ ఆమె నెత్తిన పెట్టింది.

తుడిచేస్తారా? ఎట్లా తుడుస్తారు? అది నీళ్లు తాగే కాగితం. దాని మీద పడింది ఏదైనా లోపలికి ఇంకిపోతుంది. అందుకే గీసేముందు గంటసేపు ఊరికే కూర్చుంటాం. మునస్వామి అన్న ఎంతసేపు కూర్చున్నాడో!

రేవతి ఎవరో మీకు తెలియదు కదూ? చెన్నై హాస్టల్లో నా గదిలో ఉండిన అక్క. ఇప్పుడు కాపురమూ ఫ్యాక్టరీలో ఉద్యోగమూ సూళ్లూరుపేటలో. జుట్టును మగపిల్లల మాదిరి కత్తిరించుకుంది. ఎందుకంటారా? ఆమెకు ఇష్టమయింది. అంతకు మించి కారణం ఎందుకుండాలి?

వాళ్ల అత్త నిర్మలమ్మ మొదట ఏడ్చింది, తర్వాత బతిమాలింది. "ఎవరన్నా అడిగితే కొండకిచ్చినానని చెప్పు తల్లీ. ఆ ఒక్కమాట చాలు, నిన్ను నెత్తిన పెట్టుకుంటా" అనింది. రేవతి అక్క ఏమందో తెలుసా? "దేవుడికి ఇవ్వలేదత్తా, పార్లర్లో ఇచ్చినా." ఆ తర్వాత ఆర్నెల్లు ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడిన వాళ్లు లేరు.

పదకొండింటికి ఆమె ఇక్కడికి వస్తోంది సార్. అత్తను వెంటబెట్టుకుని. "ఉన్నది ఉన్నట్టు గీసినావు కదా ధరణీ, మా అత్తకు చూపిస్తా" అంది నిన్న ఫోనులో. ఆర్నెల్లు మాటలకు మొహం వాచినా ఆమె అనని మాటను మీరు ముత్యాల్లాంటి అక్షరాలతో ఆమె కాళ్ల కింద అతికించారు.

మా అవ్వ జ్ఞానాంబ ఒక కథ చెప్పేది. ఒక రాజు తన రాణి బొమ్మ గీయమన్నాడట. చిత్రకారుడు అంతా గీసి కళ్ల దగ్గర ఆగిపోయాడు. కళ్లు పెడితే రాణి బొమ్మలోంచి రాజునే చూస్తుంది, ఆ చూపు రాజు ఓర్వలేడు. మంత్రులు కూర్చుని ఆలోచించి కళ్లున్న చోట రెండు తామరపూలు పెట్టించారు. అప్పటి నుంచే ఆడవాళ్ల కళ్లు తామరలయ్యాయట. చిన్నప్పుడు విని నవ్వాను. ఆ మంత్రులు ఇంకా కమిటీల్లో ఉన్నారని అవ్వ చెప్పలేదు.

భలే న్యాయం సార్ మన ఊరిది! క్రాపు అనగానే మీలో ముగ్గురు మొహం తిప్పుకున్నారట. గుండు చేయించినాక మొలిచిన జుట్టు అనగానే ఆ ముగ్గురే చెంపలు వేసుకున్నారట. బొమ్మలో వెంట్రుకైనా మారిందా?

ఏమిటి? మొక్కు అని మాతో చెప్పిందెవరంటారా...

చెబుతాను. తలుపు కొంచెం దగ్గరికి వెయ్యండి.

మొన్న సెలవులకు నేనూ ఇట్లాగే జుట్టు కత్తిరించుకుని వచ్చాను. పార్లర్లోనే. అవ్వ గుమ్మంలోనే నన్ను ఆపి కళ్లజోడు పెట్టుకుని చూసింది. రేవతి అక్కకున్న ధైర్యం నాకు లేకపోయింది. "మూడు నెలల కిందట కొండకు పోయి గుండిచ్చి వచ్చినానవ్వా" అన్నాను. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, "గోవిందా" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి కళ్లకు అద్దుకుంది. నా తలకు దండం పెట్టింది సార్. తల దించుకుని పెట్టించుకున్నాను.

ఆ మాట మీదాకా వచ్చింది. బొమ్మ ఇవ్వడానికి వచ్చిన రోజు మీరు నా తల చూసి, బొమ్మ చూసి, "నువ్వు కొండకిచ్చినావని మీ అవ్వ చెప్పిందమ్మా. ఇదీ ఆ మొక్కేనా?" అన్నారు. కాదంటే బొమ్మ వెనక్కి వస్తుంది, నా తల మీదా మీకు అనుమానమొచ్చి అవ్వకు నిజం తెలుస్తుంది.

ఊ అన్నాను.

మునస్వామి అన్నను ఏమీ అనకండి. ఆయన వేసింది రంగే. ఖాళీలో మొదట కొండ పెట్టింది నేను.

పదిన్నరయిందా? ఆ అట్ట ఊడదీసి ఇటివ్వండి. చించను, భయపడకండి. చక్కటి అక్షరాలు, వృథా ఎందుకు? నా గుండెల మీద గుచ్చుకుని గుమ్మంలో నిలబడతాను. వచ్చేవాళ్లు ఎవరి మొక్కో సరిగ్గా చదువుకోవాలి కదా.

పిన్నీసు ఉందా సార్?