అసిరయ్య నల్లకత్తి

స్వామి చల్లగా చూడాలి గానీ, అసిరయ్య నోట అబద్ధం కూడా బొట్టు పెట్టుకునే బయటికొస్తుంది. విశ్వకర్మ పూజకు ముందురోజు, ఉక్కు కార్ఖానాల ఊళ్ళో మన తెలుగువాళ్ళ పేట సీతారాండేరాలో, జోగమ్మ టీకొట్టు బల్లమీద కూర్చుని, ఒళ్ళో కత్తి పెట్టుకుని దాని కథ మొదలెట్టాడు.

ఆ కత్తి జోగమ్మ మొగుడు పోలరాజుది. నిరుడు కామెర్లతో పోయాడు. ఆయన మంచాన ఉండగా, పదును పెట్టి తెస్తానని అసిరయ్య పట్టుకెళ్ళాడు. జోగమ్మ రెండుసార్లు అడిగింది. ఇదిగో అన్నాడు, అదిగో అన్నాడు. రేపు పూజలో పంతులు ఒక్కో పనిముట్టూ ముట్టుకుని, చేసినవాడి పేరూ గోత్రమూ మైకులో చదువుతాడు. ఆ పేరు తనదే కావాలని అసిరయ్యకుంది. మొగుడి పేరు ఒక్కసారి మైకులో వినాలని జోగమ్మకుంది.

చిన్నగానే ఎత్తుకున్నాడు. లారీ కమాను పట్టీ తెచ్చి, ఆకురాయితో అరగదీసి, బూడిదతో తోమి, ఆవాలు నూరిన ముద్ద వేళ్ళతో అద్దాడట. గంటాగి కడిగితే అద్దినచోటల్లా నీలంగా, నల్లగా మచ్చలు తేలాయట. ఇక తుప్పు దాని జోలికి రాదట.

"ఆ తర్వాత ఏటైందో తెల్సా? బిష్టుపూర్ నించి పెద్ద ఇంజినీరు కారేసుకుని వచ్చీసినాడు. 'అసిరయ్యజీ, యే రంగ్ కైసే చఢా?' అని, ఈ రంగెలాగెక్కిందని సేతులు కట్టుకుని నిలబడిపోనాడు. నాను సెప్తానేటి?"

"ఆవాలెన్ని మావా?" అన్నాడు పక్కన కూర్చున్న కుర్రాడు ఆదిబాబు, టీ ఊదుకుంటూ.

ఆవాలు పిడికెడే, మంత్రం బారెడు అన్నాడు అసిరయ్య. ఇక ఆగలేదు. కత్తి సువర్ణరేఖ ఏటి వరదలో పడి మూడు నెలలకి తళతళలాడుతూ తేలిందట. దానిమీద పిడుగు పడితే పిడుగే నల్లబడిపోయిందట. కొనడానికి జర్మనీ నుంచి విమానం వస్తే, కత్తి నీడ తగిలి రెక్క తెగిందట. బల్లంతా నవ్వులు.

జోగమ్మ గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది. మూడేళ్ళ కిందట అసిరయ్య చెప్పినప్పుడు ఈ కథలో కత్తి చేసింది పోలరాజు. నిరుడు, ఆయన పోయిన నెలకి మళ్ళీ చెప్పినప్పుడు, కథలో పోలరాజు ఆవాలు మాత్రం నూరిపెట్టాడు. ఇవాళ ఆవాలు నూరడానికి కూడా ఆయన లేడు.

"ఈ మచ్చలు సూడండర్రా, మూడేసి, మూడేసి. నాను అద్దబోతుంటే నూకాలమ్మ తల్లి నా సెయ్యి పక్కకి నెట్టీసి, తన సేత్తో అద్దింది. ఇవి అమ్మోరి ఏళ్ళు." కత్తిని కళ్ళకద్దుకున్నాడు. ఆదిబాబు చెయ్యి దానంతటదే దండానికి లేచింది.

జోగమ్మ చేతులు తుడుచుకుని వచ్చింది. కత్తి లాక్కోలేదు. మచ్చల మీద తన వేళ్ళు ఆనించింది. చూపుడువేలికి ఒకటి, ఆ పక్కన ఖాళీ, ఆపైన రెండు. ప్రతి వరసలోనూ అదే ఖాళీ.

"అన్నయ్యా, అమ్మోరికి నడిమేలు ఏ మిషన్లో తెగిపోయింది?"

వర్క్‌షాపులో పోలరాజు నడిమివేలు తెగిననాడు గుడ్డ చుట్టి, సైకిల్‌మీద ఆసుపత్రికి తీసుకెళ్ళింది అసిరయ్యే.

కత్తి బల్లమీద పెట్టి, తన అయిదు వేళ్ళూ పిడికిట్లో దాచుకున్నాడు.