దూదికి ఎండాకాలం కటింగ్

చిన్న సెలూన్. మిట్టమధ్యాహ్నం దాటింది. షాపు నడిపే బావ, కారు డ్రైవరుగా చేస్తున్న బావమరిది. ఫ్యాను కింద తడిగుడ్డ మీద ఒక కుక్క.

“ముందు నువ్వు నవ్వడం ఆపు బావా. ఇదేంటి?”

“కుక్క.”

“అది తెలుస్తోంది. ఎవరి కుక్క?”

“పొద్దున నువ్వే వదిలేసి వెళ్ళావుగా. మీ మేడంగారి కుక్క. దూది.”

“దూదా! ఇదా! దూదికి ఒంటి నిండా బొచ్చుండాలి బావా. తెల్లగా, ఇంతెత్తున!”

“ఉండేది. తీసేశా. గింజ మిగిలింది.”

“జోకులెయ్యకు. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.”

“కూర్చో మరి. ఆ కుర్చీలో కాదు, అది కస్టమర్లది. బెంచీ మీద కూర్చో.”

“ఎందుకు గొరిగావు?”

“ఎండాకాలం కదా. ఉక్కపోతకి చస్తోంది. నా దగ్గర మిషనుంది, చేతిలో పని లేదు. చల్లగా ఉంటుందని ఓ కటింగ్ వేశా. నీ దగ్గర డబ్బులేం తీసుకోన్లే, మీ ఇంటి అల్లుణ్ణి.”

“చల్లగానా? బొచ్చు తీస్తే చల్లగా ఉంటుందని నీకెవరు చెప్పారు? ఇలాంటి కుక్కకి ఆ బొచ్చే గొడుగు బావా. అది లేకపోతే ఎండ నేరుగా చర్మానికే. దువ్వాలి, రాలిన బొచ్చు తీసెయ్యాలి. అంతేగానీ గొరక్కూడదు. మేడం వందసార్లు చెప్పారు.”

“అలాగా? నాకేం తెలుసు, నేను చదివింది ఐదు. ఇంకా ఏం చెప్పింది మీ మేడం?”

“చాలా చెప్పారు. పొద్దెక్కాక బయట తిప్పొద్దన్నారు. తిప్పేముందు చెయ్యి తిరగేసి రోడ్డు మీద ఆనించి చూడమన్నారు. మనకి కాలితే దాని పాదాలూ కాలతాయట.”

“ఆనిస్తున్నావా?”

“రోజూ. చూసినవాళ్ళు నవ్వుతారు, రోడ్డుకి దండం పెడుతున్నాడని.”

“ఇంకా?”

“నీళ్ళు ఎప్పుడూ మూతి ముందుండాలి. మరీ రొప్పుతుంటే నీడకి తెచ్చి, మామూలు నీళ్ళతో పొట్టా పాదాలూ తడపాలి. ఫ్యాను వెయ్యాలి. ఐసునీళ్ళు గుమ్మరించొద్దు. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.”

“అబ్బో. పెళ్ళప్పుడు మీ అక్క గురించి మీ నాన్న నాకు ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు.”

“బావా!”

“సరేలే. కారు గురించి ఏం చెప్పింది?”

“కారు గురించా?”

“అదే. కారు గురించి.”

“ఏం చెబుతారు... ఏసీ వేసి తీసుకెళ్ళమన్నారు.”

“ఆపిన కారు గురించి అడుగుతున్నా.”

“ఆపిన కారులో కుక్కెందుకుంటుంది? అయినా ఇప్పుడు కారు గొడవెందుకు? సాయంత్రం బండికి మేడం దిగుతున్నారు. స్టేషనుకి దూదిని కూడా తీసుకురమ్మన్నారు. దిగీ దిగగానే దూదేదీ అంటే ఏం చూపించను? సంచీలో బొచ్చు చూపించనా?”

“సంచీలో లేదు. ఊడ్చేశా.”

“ఉద్యోగం పోతుంది బావా. ముందున్న డ్రైవరు దీన్ని విసుక్కున్నాడని తీసేశారు. ఈ పని దొరికేదాకా ఎన్నాళ్ళు ఖాళీగా తిరిగానో నీకు తెలీదూ?”

“తెలీకేం. తిరిగినన్నాళ్ళూ తిన్నది నా ఇంట్లోనేగా.”

“అదిగో, దెప్పు.”

“దెప్పట్లేదు, గుర్తుచేస్తున్నా. మీ అక్క నీకు రెండోసారి వడ్డిస్తుంటే నాకు గిన్నె అడుగు చప్పుడు వినపడేది.”

“నా మీద అంత కసి ఉంటే నన్ను గొరగాల్సింది. నోరు లేనిదాన్నా!”

“నీ నెత్తిన గొరగడానికేముంది?”

“పొద్దున ఎలా ఇచ్చాను నీకు! పువ్వులా ఇచ్చాను.”

“విరిసిన పువ్వా, వాడిన పువ్వా?”

“కొంచెం అలిసిందని చెప్పాగా.”

“ఏం చేసి అలిసింది? బయట తిప్పనన్నావు. ఏసీ కారన్నావు.”

“అదే... దారిలో ఫోను బాగుచేయించుకుందామని ఆగాను. రెండే నిమిషాలు.”

“రెండే నిమిషాలు.”

“వాడే ఆలస్యం చేశాడు బావా. స్క్రీను ఊడదీసి టీకెళ్ళాడు. నేనేం చెయ్యను?”

“అద్దాలు దించావా?”

“కొంచెం దించా.”

“ఎంత?”

“దించాననే అనుకున్నా.”

“ఊఁ.”

“నీడలోనే పెట్టాను బావా! గోడ నీడలో. నీడే జరిగిపోయింది.”

“అయితే తప్పంతా సూర్యుడిదే.”

“వచ్చేసరికి రొప్పుతోంది. నీళ్ళు పట్టా, తాగింది. తోక కూడా ఊపింది. సర్దుకుంటుందిలే అని నీ దగ్గర వదిలి, కారు సర్వీసింగుకి తీసుకెళ్ళా. అంతే! చూడు, ఇప్పుడు బానే ఉందిగా? దానికేం కాలేదు. పాడుచేసింది నువ్వు!”

“ఆఁ, ఏం కాలేదు. నువ్వటు వెళ్ళావు, ఇది ఇదిగో ఈ గడప దగ్గర పడిపోయింది. కక్కుకుంది. ఒళ్ళు ముట్టుకుంటే ఇస్త్రీపెట్టె.”

“దూదీ! ఇలా చూడమ్మా... మరి ఫోను చెయ్యలేదేం బావా?”

“చేశా. నువ్వు ఎత్తితేగా. అప్పటికి ఒక పెద్దాయనకి సగం గడ్డమే గీశాను. రెండో బుగ్గన నురుగుతోనే నా బండి వెనకెక్కాడు, పాపం, దీన్ని ఒళ్ళో పెట్టుకుని. డాక్టరు బయటికొచ్చి, ముగ్గురిలో జబ్బు ఎవరికో తెలీక నిలబడిపోయాడు.”

“డాక్టరేమన్నాడు?”

“ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు. తడిపాడు, ఫ్యాను పెట్టాడు, సెలైన్ ఎక్కించాడు. గండం గడిచిందట. సాయంత్రం మళ్ళీ చూస్తాను, అందాకా కదిలించొద్దన్నాడు.”

“అంతా అయ్యాక మళ్ళీ ఈ గొరగడమేంటి బావా? బొచ్చు తీయకూడదని ఆయనైనా చెప్పలేదా?”

“చెప్పాడు.”

“తెలిసీ గొరిగావా?”

“సెలైన్ సూది గుచ్చడానికి ముందుకాలి మీద ఇంత మేర నున్నగా గీశాడురా. అంత తెల్లటి బొచ్చులో అది ఉతికిన చొక్కా మీద మరకలా ఉంది. మీ మేడం చూపు ముందు అక్కడే పడుతుంది. ఆస్పత్రికెందుకెళ్ళిందీ అని అడుగుతుంది. ఒక్కచోట బోడి ఉంటే డ్రైవరు తప్పు. ఒళ్ళంతా బోడైతే బార్బరు తిక్క.”

“బావా...”

“ముక్కు తుడుచుకో, కస్టమర్లొచ్చే వేళ. ఆ తువ్వాలుతో కాదు. నేనేమైనా ఆవిడ దగ్గర పనిచేస్తున్నానా, నన్ను తీసెయ్యడానికి? తిడుతుంది, అంతేగా. మీ అక్క చేతిలో రాటుదేలినవాణ్ణి, నాకో లెక్కా. అదిగో, నీ ఫోను మోగుతోంది, మీ మేడమే అయ్యుంటుంది, ఎత్తు. మా బావకి బుద్ధి లేదు, చెప్పకుండా గొరిగేశాడు అను. గొంతు మామూలుగా పెట్టు.”

“హలో... ఆఁ, మేడం... లేదండీ, స్టేషనుకి నేనొక్కణ్ణే వస్తున్నా. దూదిని కదిలించొద్దన్నారు డాక్టరుగారు... ఉందండీ, బతికే ఉంది, మా బావ బతికించాడు. కారులో పెట్టి తాళం వేసుకుని పోయింది నేనండీ.”