ఒక్క గడి కూడా రాలని గేటు

నా పేరు నాగమల్లేశ్వరి. కీర్తిశేషులు రామకోటేశ్వరరావు గారి భార్యను. వయస్సు డెబ్బై ఒకటి. డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. నివాసం విజయవాడ, భవానీపురం. 2006 మార్చి పదమూడున పోలీసు స్టేషన్‌లో తమరు అడిగిన మీదట చెబుతున్నాను.

పక్క ఇల్లు నా తోడికోడలు రామతులసిది. మా అబ్బాయి హేమసుందర్‌కూ, ఆమె కొడుకు జానకిరామ్‌కూ ఇనుప గేట్లకు పౌడర్ కోటింగ్ వేసే షెడ్లు వేరువేరుగా ఉన్నాయి. నా మనవడు సాయిగణేష్ ఏడాది క్రితం తండ్రి షెడ్డు వదిలి జానకిరామ్ దగ్గర చేరాడు. మధ్యాహ్నం భోజనం కూడా రామతులసి ఇంట్లోనే. ఆమెను చిన్ననానమ్మ అనేవాడు. ఇప్పుడు నానమ్మ అంటున్నాడు.

కిందటి నెల ఆమె ఇంటికి ఆకుపచ్చ గేటు పెట్టారు. కోటింగ్ వేసింది సాయిగణేషే. రంగుపొడి చల్లే ముందు ఇనుమును ఒక ద్రావణంలో ముంచుతామనీ, అందులోని అణువు ఒక కొసతో ఇనుమునూ, రెండో కొసతో పొడిలోని పాలిమర్‌నూ పట్టుకుంటుందనీ, ఉప్పునీళ్లకు కూడా పొర లేవదనీ నాకే వచ్చి చెప్పాడు. ఆ పాఠం వాడికి మొదట చెప్పింది నేను. మా అబ్బాయికి కూడా చెప్పాను. వాడు ఇనుమును గుడ్డతో తుడిచి పొడి చల్లుతాడు.

ఈ నెల తొమ్మిదిన రామతులసి కొడుకుతో సహా ఉయ్యూరులో పెళ్లికి వెళుతూ, మల్లెమొక్కలకు నీళ్లు పోయమని తాళం ఇచ్చింది. "నీకైతే మళ్లీ చెప్పక్కర్లేదు కదక్కా" అంది.

మొక్కలకు నీళ్లు పోశాను. గేటు లోపలివైపు ఉప్పునీళ్లలో తడిపిన తువ్వాలు చుట్టి, మూడు రోజులు ఆరకుండా చూశాను. పన్నెండో తేదీ ఉదయం తువ్వాలు తీసి, బ్లేడుతో అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు గీతలు గీశాను. ఇరవై ఐదు గడులు. పొర ఊడుతుందేమో చూద్దామని టేపు అంటించి లాగాను. ఒక్క గడి కూడా రాలేదు. ఇంకోచోట గీశాను. రాలేదు. మూడోచోట గీస్తుండగా జానకిరామ్ పెళ్లి నుంచి తిరిగొచ్చాడు.

"ఏంటి పెద్దమ్మా ఇది?" అన్నాడు. తాళం వాడి చేతిలో పెట్టాను.

ఇంటికి వచ్చి, మా అబ్బాయి కోటింగ్ వేసిన మా గేటును అలాగే గీశాను. ఉప్పునీళ్ల అవసరం కలగలేదు. పందొమ్మిది గడులు టేపుతో వచ్చేశాయి.

అసూయతో చేశారా అని తమరు అడిగారు. పరీక్ష కోసం చేశాను. రాలితే సాయిగణేష్ మా షెడ్డుకు తిరిగి వస్తాడని చేశాను. రెండూ రాయండి.

గీతలు పోవాలంటే ఆమె గేటును మళ్లీ ద్రావణం తొట్టిలో ముంచి కోటింగ్ వేయాలట. మా గేటును కూడా అదే తొట్టిలో ముంచమని నిన్న సాయంత్రం సాయిగణేష్‌ను అడిగాను. నానమ్మను అడిగి చెబుతానన్నాడు.

ఇది నేనే చదువుకున్నాను. రెండు అక్షరదోషాలు దిద్దించాను. ఇందులో ఉన్నదంతా నిజం.

(సంతకం) నాగమల్లేశ్వరి